మూడు ఊర్ల అంగడి

నన్ను ఆ అంగడిలో పనికి తీసుకున్నది నా పొడుగు చూసి.

ఇంటర్ పాసై ఇంటి దగ్గర ఊరికే ఉన్న రోజులవి. మాది ముదిగుబ్బ పక్కన ఒక మెట్ట పల్లె. నాయనకు గొర్రెలు, రవ్వంత చేను. ఆ ఏడు శనక్కాయ చెట్లు పూత మీద ఉండగానే వాన మొగం చాటేసింది. ధర్మవరంలో ఉండే మా చిన్నమ్మ కబురు చేసింది. పట్టుచీరల అంగడి ఒకటి పెద్దది చేస్తాండారంట, ఆడపిల్లలు పనికి కావాలంట అని. మా అమ్మ నాకు నున్నగా జడవేసి బస్సెక్కించింది.

అంగడిలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద ఒక పెద్దామె కూర్చోని ఉంది. తలంతా నెరిసిపోయి, వెనక చిన్న ముడి, నిమ్మపండు రంగు చీర. పని కోసం వచ్చిన ఆడపిల్లలం వరసగా నిలబడి ఉన్నాం. ఒక్కొక్కరినే చదువు ఏమి, ఊరు ఏది అని అడుగుతా వచ్చి, నా దగ్గర ఆగిపోయి తల పైకెత్తింది.

"ఎంత పొడుగుండావమ్మీ! మీ ఇంట్లో దూలాలు తగలవా నీకు?"

"వంగి నడుస్తానవ్వా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఈడ వంగే పన్లేదులే. పై అరల్లో చీరలు దించేదానికి నిచ్చెన కొనల్ల అనుకుంటాంటిమి. నువ్వొచ్చినావు."

మిగిలిన పనివాళ్లంతా ఆమెను అమ్మగారూ అనేవాళ్లు. నాకు నోటి అలవాటుగా అవ్వా అని వచ్చేసింది. ఆమెకు ఆ పిలుపు నచ్చినట్టుంది. కొన్నాళ్లకు అందరూ అవ్వా అనడం మొదలుపెట్టినారు. ఇప్పటికీ అంగడిలో ఆమె పేరు అదే.

నాకు ఇచ్చిన పని మడతలు పెట్టడం. ఒక పెండ్లి గుంపు వచ్చి పోతే పరుపు మీద చీరల గుట్ట మిగిలేది. వాటిని వెనకగదిలోకి మోసుకుపోయి, జరీ విరగకుండా, పాత మడత మీదనే మళ్లీ మడతపడేటట్టు మడిచి, పై అరలో సర్దాలి. ముందర గిరాకీతో మాట్లాడేవాళ్లు వేరే. వాళ్లు రంగు ఉండే పిల్లలు. "ముందర కూర్చునేవాళ్లు కాస్త తెల్లగా ఉంటేనే చీర కళకడతాది" అని మేనేజరు అనేవాడు. నేను కొరివికట్టె అంత నలుపు. అతను అన్నది నాకు తప్పుగా కూడా తోచలేదు. ఎండ వేడిగా ఉంటుందని ఎవరైనా అంటే తప్పు పడతామా, అట్లా అనుకున్నాను.

మధ్యాహ్నం గిరాకీ పలచబడితే అవ్వ వెనకగదిలోకి వచ్చి మాతోపాటు మడతలు వేసేది. చేతులు ఆడుతుంటే నోరు ఊరికే ఉండేది కాదు. ఆ అంగడి పుట్టిన కథ అంతా నేను అట్లా విన్నదే.

వాళ్లాయన మొదట్లో సైకిల్ మీద చీరల మూట కట్టుకొని కొత్తచెరువు దిక్కు పల్లెలు తిరిగేవాడంట. అరుగు మీద మూట విప్పితే మగవాళ్లు చుట్టూ చేరి బేరమాడి కొనేవాళ్లు. ఆడవాళ్లు తలుపు సందులోనుంచి చూసేవాళ్లు. అవ్వకు అది మింగుడుపడలేదు. "కట్టుకునేది ఒకరు, ఎంచేది ఇంకొకరా? ఇదేం న్యాయం అంటి నేను. మా ఆయనకు కోపమొచ్చె" అని నవ్వేది. ధర్మవరంలో తన ఇంటి నట్టింట్లోనే ఒక దుప్పటి పరిచి, వీధిలో ఆడవాళ్లను పిలిచి, మీ ఇష్టమొచ్చినంత సేపు చూసుకోండి అని కూర్చుంది. అంగడికి అదే మొదలు.

అప్పుడామె కొన్న మొదటి వస్తువు చీర కాదు, నిలువుటద్దం. దాన్ని హిందూపురంలో కొని, బొంతలో చుట్టి, మొగుడూ పెండ్లాం చెరొక కొన పట్టుకొని రైల్లో తెచ్చినారంట. పెనుకొండ స్టేషన్లో జనం ఎక్కి, ఇదేం శవం అనుకొని పక్కకు జరిగినారంట.

"మన పల్లెల్లో అద్దమంటే ఏముంటాది? బొట్టు పెట్టుకునేంత. మొగం కనపడితే మెడ కనపడదు. బిడ్డల తల్లులై కూడా తాము నిలువునా ఎట్లుంటామో తెలీని ఆడోళ్లు ఎంతమందో! అద్దం కోసమే వచ్చేటోళ్లు. పాత చీరతోనే వచ్చి, అటు తిరిగి ఇటు తిరిగి చూసుకోని పోయేటోళ్లు. కొనేది లేదు, ఇచ్చేది లేదు. మా ఆయన గొణిగేటోడు. చూసుకోనీ, చూసుకున్నోళ్లు యాడికి పోతారు, పెండ్లి పడితే ఈడికే వస్తారు అంటి. వచ్చిరి గదా!"

నట్టిల్లు చాలక బజారులో ఒక గది, గది చాలక పక్క గది, ఆ తర్వాత దాని పైన మేడ. నేను చేరినప్పుడు మూడో అంతస్తుకు సున్నం వేస్తున్నారు. గడపలో కాలు పెట్టగానే మజ్జిగ ఇచ్చే వాడుక మాత్రం నట్టింటినాటిదే. కొన్నా కొనకున్నా మజ్జిగ ఇవ్వాల్సిందే. చీర కొంటే పసుపుపచ్చ గుడ్డసంచీలో పెట్టి ఇస్తారు, దాని మీద నెమలి బొమ్మ. ఆ సంచీలు ఎక్కడెక్కడ కనపడేవో! బ్యాంకులో పాసుపుస్తకాలు అందులోనే, ఆస్పత్రిలో ఎక్స్‌రేలు అందులోనే, బడికి పోయే పిల్లల పలకలు అందులోనే. మా ఊర్లో ఒకామె దాంట్లో విత్తనాలు దాచేది. చీర ఎప్పుడో చినిగిపోయినా సంచీని మాత్రం ఉతికి ఉతికి వాడేవాళ్లు. పలానా అంగడిలో పెండ్లిబట్టలు తెచ్చినారు అంటే ఆ ఇంటికి ఒక మర్యాద. కొత్తగా ఇల్లు కట్టినట్టు చెప్పుకునేవాళ్లు.

ఒక దినం కొత్తచెరువు నుంచి రైతుల కుటుంబం ఒకటి వచ్చింది. బాగా నేల ఉండేవాళ్లు. పెద్దాడవాళ్లు, పెదనాయన, మేనత్తలు, జీపు నిండా జనం. మధ్యలో పెండ్లికూతురు. నాకన్నా ఒక చాయ తక్కువ నలుపు, అంతే. ఆ పాప తల వంచుకొని కూర్చోని ఉంది. ముందర కూర్చున్న పిల్లలు చీర మీద చీర విప్పుతున్నారు. విప్పిన ప్రతిదానికీ ఎవరో ఒకరు "ఇది పాప రంగుకు నప్పదు" అనడం, పక్కకు నెట్టడం. లేత గులాబీ, మీగడ రంగు, గంధం రంగు, అన్నీ అయిపోయినాయి. మేనత్త గట్టిగానే అనింది: "దీనికి ఏం కట్టినా అంతేలే. ఏదో ఒకటి చుట్టండి, ముహూర్తం దాటిపోతాది."

నేను పై అరలో నుంచి ఇంకొక కట్ట దించి తెచ్చి ఇస్తున్నాను. అప్పుడు ఆ పాప తలెత్తి నన్ను చూసింది. అవ్వ తన పరుపు మీదనుంచి ఆ చూపు పట్టుకున్నట్టుంది.

"అమ్మీ, ఆ కట్ట ఆడ పెట్టి ఇట్లరా" అని నన్ను పిలిచింది. మిరపపండు ఎరుపు చీర ఒకటి, ఆవపువ్వు రంగు అంచుది, తానే లేచి తీసింది. "ఇది కట్టుకో."

"నేనా అవ్వా?"

"నువ్వు కాకపోతే నేనా? ఈ వయసులో నాకు పెండ్లికూతురు వేషమా?"

అందరూ నవ్వినారు. అంతవరకు నా ఒంటి మీద పట్టు పడింది లేదు. యూనిఫారం మీదనే అవ్వ కుచ్చిళ్లు పోసి, పైట సర్ది, భుజాలు పట్టుకొని నన్ను గుంపు దిక్కు తిప్పింది. ఆ ఎరుపు నా నలుపు మీద కుంపట్లో నిప్పులాగా ఉంది. నేను చెప్పేది గొప్ప కాదు. నాకే అద్దంలో చూసుకొని, ఇది నేనేనా అనిపించింది.

పెండ్లికూతురు లేచి నా దగ్గరికి వచ్చింది. అంచు చేత్తో పట్టుకొని చూసింది. మెల్లగా అడిగింది: "అక్కా, నిజంగా బాగుండాదా? నువ్వు అంగడి మనిషివని చెప్పొద్దు."

"బాగుండాది పాపా. నేనైతే ఇదే కట్టుకుంటా."

ఆమె వెనక్కి తిరిగి, అంతసేపటికీ మొదటిసారి గొంతెత్తి, "నాకు ఇదే కావల్ల" అనింది. మేనత్త ఏదో అనబోతే పెదనాయన ఆపినాడు. "పాప నోరిప్పి అడిగింది గదా, ఇంగ ఎవురూ మాట్లాడొద్దు."

మరుసటి వారం నుంచి నన్ను ముందరికి మార్చినారు. మేనేజరు అవ్వ మాటకు ఎదురుచెప్పేవాడు కాదు. అప్పటినుంచి చీర అమ్మడం కాదు, కట్టి చూపించడం నా పని. మెల్లమెల్లగా ఆ సంగతి పల్లెలకు పాకింది. బస్సు దిగి వచ్చిన ఆడవాళ్లు గడపలోనే అడిగేవాళ్లు: "ఆ నల్లపాప యాడుండాది?"

మొదట్లో ఆ మాట చెవిన పడితే వెనకగదిలోకి తప్పుకునేదాన్ని. బళ్లో నన్ను ఏడిపించిన మాట అదే. కానీ వీళ్లు ఏడిపించడానికి అనడం లేదని నెమ్మదిగా తెలిసింది. మంచి వైద్యుడి కోసం అడిగినట్టు అడిగేవాళ్లు. వాళ్ల బిడ్డలు చాలామంది నా రంగే. ఎండలో పుట్టి, ఎండలో పని చేసే మనుషులం, మా రంగు ఇంకెట్లా ఉంటుంది?

కొన్నేండ్లకు అవ్వ కొడుకు పెండ్లయి కోడలు వచ్చింది. బెంగళూరులో చదువుకున్న మనిషి. ఆమెను మేం మేడం అనేవాళ్లం. వచ్చిన కొత్తలో ఆమె మా పక్కన కూర్చోని అంతా చూసింది. ఒక దినం అవ్వతో అనింది: "అత్తా, డబ్బున్నోళ్లంతా బెంగళూరు పోయి కొంటాండారు. చీరలే కాదు, వాచీలు, బూట్లు, సెంట్లు. బెంగళూరును మనమే ఈడికి తెస్తే?"

అవ్వ చాలాసేపు ఆలోచించి, "మజ్జిగ మాత్రం మానొద్దు" అనింది. అట్లా హిందూపురం అంగడి లేచింది.

నాలుగు అంతస్తులు, నిలువునా అద్దాలు, లోపల చల్లదనం, తమంతట తాము పైకి పోయే మెట్లు. కింద సెంట్లు, గడియారాలు, చేతిసంచీలు. పైన చీరలు. ఇంకా పైన మగవాళ్ల సూట్లు, పిల్లల బట్టలు, పింగాణీ. మేడం అడిగిందని నేనూ ధర్మవరం నుంచి హిందూపురానికి మారినాను. ఆడ గిరాకీలో సగం కన్నడం. పావగడ, గౌరిబిదనూరు నుంచి వచ్చేవాళ్లు "చెన్నాగిదె, చెన్నాగిదె" అని, బాగుందంటూనే నా పైట అంచు తడిమేవాళ్లు. డబ్బుకు దుడ్లు అనే మాట తెలుగో కన్నడమో ఆ ఊర్లో ఎవరూ పట్టించుకోరు.

తెరిచిన దినం ఎవరో సినిమా ఆమె వచ్చి రిబ్బను కత్తిరించి పోయింది. ఆమె పోయినాక జనం వచ్చినారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు చెప్పులు బయటే వదిలేస్తున్నారు. అద్దాల తలుపు ముందర, పాలరాతి మెట్ల మీద, గుడి ముందర ఉన్నట్టు చెప్పుల కుప్ప. సెక్యూరిటీ అతను వాటిని పక్కకు తోయలేక, మనుషులకు చెప్పలేక అవస్థపడుతున్నాడు. మేడం మొహం ఎర్రబడింది. అవ్వ మాత్రం లేచి, తన చెప్పులు వెతుక్కొని తొడుక్కొని, టపటపమంటూ తలుపు దగ్గరికి పోయింది. "ఏమబ్బా, ఏమ్మా, అంగడికి చెప్పులిప్పేది ఏంది? నేను వేసుకోలేదా? లోపల నడిచేది చానా ఉంది, కాళ్లు నొస్తాయి. వేసుకోని రాండి" అనింది. అయినా చాలామంది చెప్పులు చేత్తో పట్టుకొనే లోపలికి వచ్చినారు.

ఊరికే ఆ మెట్లు ఎక్కి దిగడానికి వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఆదివారం అయితే జాతరే. మేనేజరు వాళ్లను ఆపుదామా అంటే, మేడమే వద్దంది. "మా అత్త అద్దం చూపించింది, నేను మెట్లు చూపిస్తాండా" అని నవ్వింది. ఆ ఒక్క మాటతో ఆమె మీద నాకు గురి కుదిరింది.

పెనుకొండ దగ్గర కొరియావాళ్ల కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక హైవే పక్కన మూడో అంగడి తెరిచినారు. అన్నిటికన్నా ఖరీదైనది అదే. కొరియా అక్షరాల బోర్డులు మాకు అప్పటికే అలవాటైపోయినాయి. వాళ్లూ వస్తారు, బెంగళూరు పోయే కార్లూ ఆగుతాయి. నన్ను చీరల అంతస్తుకు పెద్దను చేసి ఆడికి పంపినారు.

ఒకసారి కొరియా ఆమె ఒకతి వచ్చింది. ఎవరిదో పెండ్లికి చీర కట్టుకొని పోవాలంట. ఆమె ఫోనులో తన భాషలో మాట్లాడితే ఫోను తెలుగులో పలికేది, అదీ గ్రాంథికం. "ఈ వస్త్రము నడుచుచుండగా జారిపోవునా?" అని ఫోను అడిగింది. నవ్వు ఆపుకొని "జారదమ్మా, నేను పిన్నులు పెడతాగా" అన్నాను. దానికి అది ఏం అర్థం చెప్పిందో ఏమో, ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. పోయేటప్పుడు కదిలే మెట్ల మీద చీరతో భయపడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా పల్లె ఆడవాళ్లు పట్టుకున్నట్టే.

ఆ ఎండాకాలం మేడం నన్ను కేబిన్‌లోకి పిలిచింది.

"హైవే మీద పెద్ద హోర్డింగు పెడతాండాం. మోడల్‌ను తెస్తే ఎవురికి తెలుసు? నిన్నైతే మూడు ఊర్లలో గుర్తుపడతారు. నీ ఫోటోనే పెడదాం. సరేనా?"

తల ఊపినాను. బెంగళూరులో స్టూడియోకు తీసుకుపోయి, చిలకపచ్చ చీర కట్టించి, పొద్దంతా లైట్ల కింద నిలబెట్టి ఫోటోలు తీసినారు. ఇంటికి ఫోను చేసి చెబితే అమ్మ ఊరంతా చెప్పి వచ్చింది.

హోర్డింగు లేచిన దినం పొద్దున్నే పోయి చూసినాను. చీర నాదే. గాజులు నావే. నిలబడిన తీరు నాదే. మొగం మాత్రం గోధుమపిండి రంగులో ఉంది. ముక్కు కాస్త సన్నం చేసినారు, దవడ లోపలికి పోయింది. తోటి పిల్లలంతా "హీరోయిన్ లాగా ఉండావక్కా" అన్నారు. అబద్ధం ఎందుకు, నాకూ కొంచెం సంతోషమే అయింది. ఫోటో అంటే ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాను.

ఎండాకాలంలో నాయన గొర్రెల మందను తోలుకొని ఊర్ల మీద తిరుగుతాడు. చేలల్లో మంద నిలిపితే ఎరువు పడుతుందని రైతులు పిలుస్తారు. ఆ ఏడు తిరిగి తిరిగి పెనుకొండ దగ్గరి పొలాలకు వచ్చినాడు. మందను తోటి వాళ్లకు అప్పజెప్పి, ఒక పొద్దున నా బొమ్మ చూడాలని హైవే మీదికి నడిచి వచ్చినాడు. భుజం మీద కంబళి, చేతిలో కట్టె. నేను అంగడి బయటికి పోయి ఎదురైనాను.

"యాడుండాది పాపా నీ బొమ్మ?"

"అదో నాయనా, పైన సూడు."

కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసినాడు. అటూ ఇటూ చూసినాడు. మళ్లీ దాన్నే చూసినాడు.

"అది ఎవురో సినిమా పాప కదా. నీది యాడ?"

"అదే నేను నాయనా."

"నువ్వా?" అని మళ్లీ తలెత్తినాడు. లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది. నా మనసు కష్టపెట్టకూడదని కాబోలు, "చీర బాగుండాది" అన్నాడు.

"మొగం?" అని నేనే అడిగినాను.

నాయన కట్టె మీద బరువు మోపి నిలబడినాడు. "మా అమ్మ పోలిక నీది. అచ్చం అదే మొగం. మా అమ్మకు ఒక్క ఫోటో గూడా లేదు పాపా. నేను నీ మొగంలోనే సూసుకుంటా ఉంటా. ఈ బొమ్మలో మా అమ్మ యాడా లేదే?"

కోపంగా అనలేదు. వెతికి దొరకనివాడు అడిగినట్టు అడిగినాడు. లోపలికి రమ్మన్నాను, మంద దగ్గరికి పోవాలని రాలేదు. హైవే పక్కనే తల వంచుకొని నడిచి పోయినాడు.

ఆ సాయంత్రం మేడం దగ్గరికి పోయినాను. ఏం చెప్పాలో దారిలో అనుకున్నవన్నీ మర్చిపోయి, "మేడం, ఆ హోర్డింగులో ఉండేది నేను కాదంట" అన్నాను.

"ఎవరన్నారు?"

"మా నాయన."

ఆమె నవ్వబోయి, నా మొగం చూసి ఆగింది. కుర్చీలో కూర్చోమంది. "అందరికీ అట్లే చేస్తారు. కంప్యూటర్లో చేస్తారు. చూడు" అని తన ఫోనులో ఏదో పత్రికలో పడిన తన ఫోటో చూపించింది. నిజమే, ఆమెను కూడా తెల్లగా చేసి, చెంపలు నున్నగా చేసినారు. "నాకూ చెప్పకుండానే చేసినారు. ఖరీదైన అంగడి అంటే ఇట్లే ఉండాలంటారు వాళ్లు. నేనూ సరే అంటాను."

నాయన అన్న మాట చెప్పినాను. వాళ్లమ్మకు ఫోటో లేని సంగతి, నా మొగంలో చూసుకునే సంగతి. ఆమె ఫోను బల్ల మీద పెట్టేసింది. "పెండ్లిండ్ల సీజను నడుస్తాండాది. రవ్వంత ఆగు" అనింది. అంతే.

నేను మళ్లీ పనిలో పడినాను. కోపం అని చెప్పలేను. మేడం నాకు చెడు చేసిన మనిషి కాదు, మా చెల్లెలి చదువుకు సాయం చేసిన మనిషి. కానీ ఆ హోర్డింగు కింద నడిచేటప్పుడు తల ఎత్తేదాన్ని కాదు. అవ్వకు ఎవరో చెప్పినారంట. ఆమె ధర్మవరం నుంచి ఫోను చేసి, "నన్ను పెట్టి ఉంటే నా జుట్టు నల్లగా చేసేటోళ్లు. నా కొడుక్కు చెల్లెల్లాగా ఉందును" అని నవ్వించింది. కోడలికి ఏమైనా చెప్పిందో లేదో నాకు తెలీదు. నేను అడగలేదు.

ఒక పొద్దున నేను పనికి వస్తుంటే మేడం కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆమె ఒక్కతే ఎండలో నిలబడి హోర్డింగు చూస్తోంది. నన్ను చూసి దగ్గరికి పిలిచింది.

"నేను నిన్ను దినామూ చూస్తాను. ఇది నువ్వే అని తెలిసి చూసినా కాబట్టి నాకు నువ్వే కనపడినావు. మీ నాయన తెలీకుండా చూసినాడు. నేను ఈ పొద్దు అట్ల చూద్దామని వచ్చినా." ఆగి, "ఆయన చెప్పింది నిజమే" అనింది.

ఈసారి బెంగళూరు పోలేదు. ధర్మవరంలో పెండ్లిండ్లకు ఫోటోలు తీసే ఒకాయనను పిలిపించింది. అంగడి గడపలోనే, పొద్దుటి వెలుతురులో, అదే చిలకపచ్చ చీరలో, పౌడరు కూడా లేకుండా తీయించింది. ఆయన అలవాటుగా "కొంచెం టచప్ చేసి ఇస్తాలే మేడం" అంటే, "రవ్వంత గూడా వద్దు" అని ఖండితంగా చెప్పింది. నవ్వమంటే నాకు రాలేదు. పక్కన నిలబడి మేడమే తన అత్తను అనుకరిస్తూ "మీ ఇంట్లో దూలాలు తగలవా నీకు" అనింది. ఆ నవ్వే ఫోటోలో పడింది.

కొత్త హోర్డింగు లేచింది. బెంగళూరు ఏజెన్సీ వాళ్లు ఫోను చేసి ఇది అంగడి స్థాయికి తగదు అన్నారంట. బండ్ల మీద పోయే పిల్లోళ్లు కొందరు కేకలు వేసి నవ్వినారు. కొందరు ఆగి ఫోటో తీసుకున్నారు. ఆమడగూరు నుంచి ఒకామె ఇద్దరు బిడ్డలను తీసుకొని వచ్చి, ఆ పచ్చ చీరే చూపించమని అడిగి, కట్టి చూసి, చివరికి వంకాయ రంగు కొనుక్కొని పోయింది. అమ్మకాలు పెరిగినాయని చెప్పలేను. తగ్గలేదని మాత్రం మేడం చెప్పింది. నాకైతే పనికి వచ్చేటప్పుడు మెడ మామూలుగా నిలబడింది, అది చాలు.

మందను వేరే దిక్కు తోలే ముందు నాయన మళ్లీ వచ్చినాడు. నేను ఏమీ చెప్పకుండా పక్కన నిలబడినాను. ఈసారి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అట్లే చూసినాడు, కండ్లలో నీళ్లు తిరిగేదాకా చూసినాడు. ఎండకో, మరి దేనికో.

"మా అమ్మ ఇంత పెద్దగా ఎప్పుడూ నవ్వలేదు" అన్నాడు.

ఈసారి రమ్మంటే లోపలికి వచ్చినాడు. కట్టెను సెక్యూరిటీ అతని కుర్చీకి ఆనించి, చెప్పుల గురించి ఒక క్షణం తటపటాయించి, నేను చెయ్యి పట్టుకుంటే అట్లే వచ్చినాడు. మజ్జిగ తాగినాడు. ఉప్పు తక్కువైందన్నాడు. కదిలే మెట్ల మీద మొదటి మెట్టు దగ్గర ఆగి, వాగు దాటేముందు గొర్రె చూసినట్టు చూసి, ఒక్క దూకు దూకినాడు. పైన చీరల మధ్య నడుస్తూ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక తువ్వాలు కొనిస్తానంటే అక్కడ అమ్మే తువ్వాళ్లను వేళ్లతో చూసి, "మెత్తగుండాయి, తలకు చుట్టుకుంటే నిలబడవు" అని వద్దన్నాడు. కింద సెంట్ల దగ్గర పని చేసే పిల్ల, "తాతా, చెయ్యి ఇట్లివ్వు" అని మణికట్టు మీద ఏదో చిమ్మింది. నాయన వాసన చూసుకొని తల వెనక్కి తీసినాడు. మళ్లీ చూసుకున్నాడు. కంబళి సర్దుకొని బయలుదేరినాడు.

పొద్దు గుంకేటప్పుడు ఫోను వచ్చింది.

"ఏం నీళ్లు చల్లినారు పాపా నా చేతికి? మంద దగ్గరికి పోతే ఒక్క గొర్రె గూడా పక్కకు రాలేదు. పొట్టేలు నన్ను చూసి తుమ్మింది."

నేను ఫోను స్పీకరులో పెట్టి అందరికీ వినిపించినాను. సెంట్ల పిల్ల బల్ల కింద కూర్చోని నవ్వింది.

"సోపేసి కడుక్కో నాయనా."

"కడిగినా. మన్ను పెట్టి రుద్దినా. పోలేదు." వెనక గొర్రెల అరుపులు వినపడినాయి. ఆ తర్వాత, "ఉండనీలే. బాగనే ఉండాది" అన్నాడు.